పక్క పట్టా లేని స్టేషను

ఇప్పుడు జగదల్‌పూర్‌లో పెరిగే పిల్లలకు రైలంటే కొండల్లోని ఇనుపరాయిని సముద్రం దాకా మోసుకుపోయే పెద్ద బండి ఒక్కటే. దానికి ముందు, రాజుల కాలంలోనే, మన బస్తర్ సంస్థానంలోకి ఇంకో రైలు వచ్చిందనీ, వచ్చినట్టే పోయిందనీ చెబితే నా మనవళ్లే నమ్మరు. పట్టాలేవి మరి అని అడుగుతారు. అవి ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాయో నాకూ తెలియదు. పీకిన చేతులు మాత్రం ఇవే.

అది చిన్న రైలు. సంస్థానం ఉత్తరపు పొలిమేరలో, సర్గి అడవిలోంచి దుంగలు దించడానికి వేశారు. సర్గి అంటే మన వైపు గుగ్గిలం చెట్టు. పట్టాకూ పట్టాకూ మధ్య ఒక మేక అడ్డంగా నిలబడేంత దూరం, అంతే. ఇంజను కట్టెలతో నడిచేది. ఎక్కుడు వచ్చిందంటే మేం దిగి నడిచేవాళ్లం, అది మా వెనక దగ్గుకుంటూ వచ్చేది.

సంస్థానం నేల మీద దానికి నాలుగు స్టేషన్లుండేవి. స్టేషనంటే సిమెంటు అరుగులూ గంటలూ అనుకోకండి. ఒక పాక, ఒక బావి, చెక్కిన దుంగల గుట్ట. కాగితాల మీద వాటికి ఏవో పేర్లున్నాయి గానీ ఆ కాగితం చదివేవాడు మాలో లేడు. మా పేర్లు మేం పెట్టుకున్నాం. పొలిమేర దగ్గర, తనిఖీ గేటు పక్కనున్నది నాకా స్టేషను. అది ఇప్పటికీ నిలబడి ఉంది. అడవి కాపలావాళ్లు అందులో కాపురం ఉంటున్నారు, తాము కూర్చుని టీ తాగే రాతి అరుగు ఒకప్పటి ప్లాట్‌ఫారమని వాళ్లకు తెలియదు. నేను చెబితే తల ఊపి, బీడీ ఇచ్చి పంపించారు. ఎలుగుల స్టేషనులో బావి ఒక్కటి మిగిలింది, పశువులు పడుతున్నాయని దాన్నీ పూడ్చేశారని విన్నాను. అడవి లోపల ఆఖరిది కొస స్టేషను. అక్కడ ఏమీ లేదు. ఒకే వయసు చెట్లు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. అడవిలో చెట్లు అలా వరసలో మొలవవు కదా, అదొక్కటే గుర్తు. నాలుగోది నాకాకూ ఎలుగులకూ నడుమ ఉన్న జోడుపట్టా. నేను ఉన్నది అక్కడ.

మాది కోంట దగ్గర శబరి ఒడ్డు. లైను వేసేటప్పుడు గుత్తేదారు మా వైపు నుంచి ముప్పై మందిని తోలుకొచ్చాడు. సుక్మా మీదుగా, జగదల్‌పూర్ మీదుగా, కేష్కాల్ కొండ దిగి, పన్నెండు పదమూడు రోజులు నడిచాం. అప్పటికి నాకు మీసం కూడా సరిగా లేదు. గునపం ఎలా పట్టాలో నేర్పింది భద్రాచలం వైపు నుంచి వచ్చిన మేటు. గ్యాంగుకు పెద్దను మేటంటారు. నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన పట్టా మీద చెవి పెట్టి బండి ఎంత దూరంలో ఉందో చెప్పేవాడు. చలిజ్వరం వస్తే తన దుప్పటి నాకు కప్పి తను గోనె కప్పుకునేవాడు. జోడుపట్టా పక్క ఊరి మురియా పిల్లను చేసుకుని, స్టేషనుకు ఆనుకుని గుడిసె వేసుకున్నాడు. ఆమెను నేను అత్తా అనేవాణ్ణి. ఆమెది హల్బీ, మాది తెలుగు. మొదటి ఏడు ఆమె పోసిన రాగి జావ తాగి ఇద్దరం నవ్వుకోవడమే తప్ప మాట లేదు. రెండో ఏటికి ఆమె తెలుగులో నన్ను తిట్టడం నేర్చుకుంది.

ఇక్కడ పని సంగతి ఒక్కటి చెప్పాలి, లేకపోతే ముందు కథ తెలియదు. మా లైను ఒంటి పట్టా. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే తప్పుకోవడానికి దారి ఉండదు. అందుకని నడుమన ఒక స్టేషనులో పక్కన ఇంకో పట్టా వేసి రెండు కొసలా అసలు పట్టాకు కలుపుతారు. కలిపే చోట కత్తుల్లా అటూ ఇటూ జరిగే ఇనుప ముక్కలుంటాయి, వాటిని కాంటా అంటారు. ఒక బండి కాంటా మీదుగా పక్క పట్టాలోకి పోయి నిలబడుతుంది, రెండోది దాటిపోతుంది. ఆ వసతి మొత్తం లైనులో జోడుపట్టాలోనే ఉంది. పేరు అందుకే వచ్చింది.

ఎక్కడో యుద్ధం ముదిరింది. ఇనుము కావాలట. వేసిన రైలును పీకి పంపమని పైనుంచి ఆర్డరు వచ్చింది. వేసిన మమ్మల్నే పీకమన్నారు. మొదట స్టేషన్ల మధ్య చెట్లకు కట్టిన టెలిఫోను తీగ చుట్టేసి తీసుకుపోయారు, రాగి అని. తర్వాత కొస స్టేషను నుంచి పట్టాలు ఊడదీయడం మొదలైంది. మామ గ్యాంగు అక్కడ. ఊడదీసిన ఇనుమును బండి కిందికి మోసేది. నా కింద పదహారు మందిని పెట్టి జోడుపట్టాలో దుంగల గుట్ట చుట్టూ ఉన్న చిల్లర పట్టాలు తీయమన్నారు. పక్క పట్టా మాత్రం ముట్టుకోవద్దు, అది ఆఖరున అని లైను పనులు చూసే దొర గట్టిగా చెప్పాడు. చెప్పి, ఇంకో మాట కూడా అన్నాడు. ఎవరి గ్యాంగు చురుగ్గా చేస్తే ఆ గ్యాంగు పెద్దకు పెద్ద రైల్లో ఉద్యోగానికి చిట్టీ రాసిస్తానన్నాడు.

ఆ చిట్టీ నా తలకెక్కింది. ఈ లైను పోయాక మళ్లీ శబరి ఒడ్డుకు పోయి ఎవరి పొలంలోనో కూలి చేయాలా? చిల్లర పట్టాల పని అయిపోయింది, చేతులు ఖాళీగా ఉన్నాయి. మా లైనుకు రెండు ఇంజన్లుంటే ఒకటి చెడి కింద షెడ్డులో పడి రెండు నెలలైంది. నడిచేది ఒక్కటే ఇంజను. ఒక్క ఇంజనుకు ఎదురు వచ్చేదెవరు? పక్క పట్టా ఎవరి కోసం? పీకెయ్యండిరా అన్నాను. మా గ్యాంగులో అందరికంటే పెద్దవాడు గునపం ఆనుకుని నిలబడి, ఆర్డరు లేదు గదా అన్నాడు. "రేపు పీకేది ఇయ్యాల పీకుతున్నం. ఏంది తేడా?" అన్నాను. అందరూ నవ్వారు. సాయంత్రానికి పట్టాలన్నీ లేపి గట్టున పేర్చాం. పట్టాల కింద పరిచిన దుంగలు తవ్వడం ఒక్కటే మిగిలింది. రెండు కాంటాలనూ విప్పి ఆ రోజు దిగిన బండిలోనే కిందికి పంపించేశాను. ఇనుప కుప్పలో ఏది కాంటా, ఏది పట్టా అని కింద ఎవరూ చూడలేదు.

మూడో రోజు పొద్దున కింది వైపు నుంచి కూత వినిపించింది. ఇంజను పైన, కొసలో ఉంది. కింద కూసేది ఏమిటి? షెడ్డులోని ఇంజనును బాగుచేసి, పన్నెండు ఖాళీ డబ్బాలు తగిలించి, పని తొందరగా కావాలని పైకి పంపారు. ఫోను లేదు, మాకు కబురు ఎలా వస్తుంది? ఆ బండి వచ్చి స్టేషనులో ఆగింది. ఆగీ ఆగకముందే పైనుంచి రెండో కూత. ఎర్రగుడ్డ పట్టుకుని ఎదురు పరుగెత్తాను. పైబండి డ్రైవరు, ముసలి సాయిబు, నన్ను చూసి బండి ఆపేసరికి రెండు ఇంజన్ల నడుమ ఒక ఎద్దుల బండి పట్టేంత సందు మిగిలింది.

పైబండిలో ఇనుము మీద గడ్డి పరిచి మామను పడుకోబెట్టారు.

నాలుగు రోజులుగా జ్వరమట. చలిజ్వరానికి వేసే కొయినా మాత్రలు అయిపోయాయి. ముందు రోజు నుంచి ఒంటేలు నల్లగా పోస్తున్నాడు. ఆ జ్వరం సంగతి మా అందరికీ తెలుసు. నల్లగా మొదలైన మనిషికి ఒకటి రెండు రోజులే గడువు. కింది పట్నంలో ఆసుపత్రి ఉంది. అంతకు ముందు వానాకాలంలో ఎలుగుల స్టేషను మనిషి ఒకణ్ణి ఇలాగే దించితే అక్కడి డాక్టరు బతికించి పంపాడు. పొద్దు వాలేలోపు చేరిస్తే మామ బతుకుతాడు. అంతవరకు సందేహం లేదు.

అత్త గుడిసెలోంచి పరుగెత్తుకొచ్చింది. ఏడవలేదు. తడిగుడ్డ ఆయన నుదుటి మీద వేసి, డబ్బా ఎక్కి పక్కన కూర్చుని నా వైపు చూసింది, ఇక పని నీదే అన్నట్టు.

డ్రైవరు సాయిబు దిగి వచ్చాడు. పీకేసిన పక్క పట్టా చోటు చూశాడు, నన్ను చూశాడు. తన హిందుస్తానీలో నెమ్మదిగా అన్నాడు: "ఖాళీ డబ్బాలే కదా భాయ్, పక్కకు దొర్లించెయ్. కింది ఇంజను ఒక్కటే ఇతన్ని ఎక్కించుకుని వెనక్కి పోతుంది. రెండు గంటల పని."

నిజమే. పన్నెండు డబ్బాలనూ వెనక్కి తోసుకుంటూ ఆ దిగుడు వంపుల్లో పోతే పట్టా తప్పుతాయని అందరికీ తెలుసు. చిన్న రైలు డబ్బాలు, పది మంది గునపాలు వేస్తే పక్కకు ఒరుగుతాయి. పన్నెండూ కట్ట కిందికి దొర్లితే ఇంజనుకు దారి దొరుకుతుంది. కింది బండి గార్డు బాబు టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. డబ్బాలు విరిగితే రిపోర్టు రాయాలన్నాడు. పక్క పట్టా ఎందుకు లేదో అది కూడా రాయాలన్నాడు. ఆ రిపోర్టు కింద ఎవరు వేలిముద్ర వేస్తారో చెప్పమన్నాడు.

వేలిముద్ర వేయాల్సింది నేనే. వేస్తే చిట్టీ ఉండదు. యుద్ధం సరుకు పాడు చేశావని జైలు కూడా ఉండొచ్చు. ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంతసేపు పట్టిందని మీరు అడగొచ్చు. అసలు పట్టనేలేదు. నోటికి వచ్చేసింది.

"వద్దు బాబూ. దుంగలు నేలలోనే ఉన్నయి. మధ్యాహ్నానికల్లా పక్క పట్టా మళ్ల ఏస్తం. ఒక్క డబ్బా కింద పడదు."

గార్డు బాబు ముఖం తేటపడింది. రాయాల్సిన పని తప్పింది ఆయనకు. సాయిబు మాత్రం, కాంటాలు ఏవి అన్నాడు. కాంటాలు అక్కర్లేదు, అసలు పట్టానే ఊడదీసి పక్కకు వంచి కలుపుతాం, బండి లోపలికి పోయాక మళ్లీ వెనక్కి జరుపుతాం అన్నాను. అది గ్యాంగు మనుషులకు తెలిసిన విద్య. మామ నేర్పిందే. నా ధైర్యమంతా అది. చేయగలనని నిజంగా నమ్మాను. తప్పు కప్పిపుచ్చుకుంటూనే మామను కూడా బతికించుకుంటాననుకున్నాను.

మా పదహారు మందీ, పైబండి మీద వచ్చిన ఎనిమిది మందీ కలిసి పడ్డాం. గట్టున పేర్చిన పట్టాలు మళ్లీ దించి, పాత దుంగల మీద పరిచి, మేకులు దిగ్గొట్టాం. నేను మామ పడుకున్న డబ్బా పక్కనుంచి పోతుంటే ఆయన కళ్లు తెరిచి ఉన్నాయి. తల కొద్దిగా ఎత్తి చూస్తున్నాడు.

"పక్క పట్టా ఎవడు పీకిండురా?"

"ఆర్డరొచ్చింది మామా."

దొర ఆర్డర్లు ఎలా ఇస్తాడో ఆయనకు తెలియనిది కాదు.

"ఆర్డరొస్తే సరే," అన్నాడు. మళ్లీ కొంచెంసేపటికి, "వంపు కాడ గేజీ చూసి బిగియ్యి. తొందరపడకు," అన్నాడు. గేజీ అంటే రెండు పట్టాల మధ్య దూరం కొలిచే కర్ర. చచ్చిపోతున్న మనిషి నాకు తొందరపడకు అని చెప్పాడు.

మధ్యాహ్నం దాటింది. పరిచాం గానీ అసలు పట్టా వంగలేదు. ఎండకు సాగిన పట్టా ఒక చోట లాగితే ఇంకో చోట పొంగింది. రెండుసార్లు విప్పి మళ్లీ కలిపాం. పొద్దు పడమరకు తిరిగేసరికి వంపు కుదిరింది. సాయిబు తన ఇంజను చక్రం పక్కన కూర్చుని తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటున్నాడు. వంపు దగ్గర గేజీ పెట్టి చూడాలి. ఒక చోట చూశాను. రెండో చోట కంటితో చూసి, సరిపోయింది పోనీమన్నాను.

కింది ఇంజను నెమ్మదిగా పక్క పట్టాలోకి ఎక్కింది. ముందు చక్రాలు పోయాయి. వెనక చక్రం వంపు రెండో చోటికి రాగానే పట్టా పక్కకు ఒరిగింది. చక్రం దుంగల మధ్య నేలలో దిగబడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తడి నేల మీద బస్తా వదిలినట్టు, అంతే.

ఇప్పుడు డబ్బాలు దొర్లించినా ఉపయోగం లేదు. దారి మూసింది ఇంజనే. జాకీలు పెట్టి, దుంగలు పేర్చి, ఇంజనును వెంట్రుకవాసి చొప్పున లేపసాగాం. నేను కింద దూరి దుంగలు తోస్తున్నాను. ఒకసారి వెనక్కి తిరిగితే అత్త నా వెనక నిలబడి ఉంది. చేతిలో సొరకాయ బుర్రలో నీళ్లు.

"మనుషులను ఆపు," అంది తన తెలుగులో. "పొద్దుట్నుంచి ఎవరూ నీళ్లు తాగలే. ఇంక తొందర లేదు గదా."

అలా తెలిసింది మాకు.

జాకీలు వదిలేసి అందరం వరసగా నిలబడి ఆమె పోసిన నీళ్లు తాగాం. నేనూ తాగాను. దాహం వేసింది మరి.

మామను పక్క పట్టా కట్ట పక్కనే, ఆమె మనుషుల పద్ధతిలో పాతిపెట్టి, ఒక రాయి నిలబెట్టాం. గార్డు బాబు తన పుస్తకంలో దారిలో జ్వరంతో పోయాడని రాశాడు. ఇంజను ఎందుకు ఆలస్యమైందంటే పట్టా పాతదని రాశాడు. ఎవరి వేలిముద్రా అవసరం పడలేదు. సాయిబు పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. ఓదార్చాడో, తోశాడో ఈ రోజుకీ తేల్చుకోలేదు.

రాత్రికి ఇంజనును మళ్లీ పట్టా ఎక్కించి, రెండు బండ్లూ వెళ్లిపోయాక, తెల్లవారి మళ్లీ గునపాలు పట్టుకున్నాం. ముందు రోజు వేసిన పక్క పట్టానే పీకాం. పచ్చి సమాధి మీద మట్టి పడకుండా ఆ వైపు పట్టాను మాత్రం చేతులతో మోసి పెట్టాం. ఆ రోజు మా గ్యాంగు చేసినంత పని ఎప్పుడూ చేయలేదు. దొర ట్రాలీ మీద వచ్చి చూసి భళా అన్నాడు, చిట్టీ రాసిచ్చాడు.

ఆ చిట్టీ పట్టుకుని నేను పెద్ద రైల్లో చేరాను. గ్యాంగులో మొదలుపెట్టి మేటునై, పింఛను దాకా పోయాను. రిటైరైన రోజు పూలదండ వేసి, ఒక్క మచ్చ లేని సర్వీసు అన్నారు. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఇలాంటివి చదివి, తప్పు చేస్తే ఒప్పుకోవాలని పెద్దాయన నీతి చెబుతున్నాడనుకుంటారు. అలా చెప్పే ముఖం నాకు లేదు. నేను ఒప్పుకోలేదు, నాకు ఏమీ కాలేదు. మీకూ ఏమీ కాకపోవచ్చు. అదే నా భయం.

రైలు పోయాక జోడుపట్టాను అందరూ వదిలేశారు. అత్త వదల్లేదు. తన అన్నదమ్ములు పిలిచినా సమాధిని విడిచి పోలేదట. చివరికి వాళ్లే వచ్చి ఆమె చుట్టూ ఇళ్లు వేసుకున్నారు. అది ఇప్పుడు ఏడిళ్ల ఊరు. ఆ కట్ట మీద కోడిపిల్లలు తిరుగుతుంటాయి.

పింఛను వచ్చిన ఏడాది నేను వెళ్లాను. బస్సు దిగి చాలా దూరం నడవాలి. నడుస్తున్నంతసేపూ ఆమెకు చెప్పాల్సిన మాటలు హల్బీలో కూర్చుకున్నాను. పక్క పట్టా పీకింది నేనే, ఆర్డరు లేదు. డబ్బాలు దొర్లించి ఉంటే మామ బతికేవాడు, వద్దన్నది నేనే. నాలుగే మాటలు. దారంతా పైకే అనుకుంటూ పోయాను.

ఆమె చూపు మందగించింది, గొంతును బట్టి గుర్తుపట్టింది. మంచం వాల్చి కూర్చోబెట్టి, వీధిలో పిల్లలందరినీ పిలిచింది. వాళ్లకు నన్ను చూపించి చెప్పింది. నాకు హల్బీ వస్తుంది కాబట్టి ప్రతి మాటా తెలుస్తూనే ఉంది. మీ తాతను బతికించాలని ఈ మనిషి పొద్దుట్నుంచి పొద్దు గుంకే దాకా నీళ్లు కూడా తాగకుండా ఇనుము మోశాడని చెప్పింది. ఇలాంటి మనిషి మన ఇంటికి వచ్చాడని చెప్పింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దండం పెట్టారు.

తర్వాత ఇత్తడి పళ్లెం, చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు నేల మీద కూర్చుంది. దూరం నడిచొచ్చావు, కాళ్లు పెట్టు అంది.

నేను కాళ్లు చాపాను.